డుడుమ: మా పొలం నీళ్లు దూకే చోటు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే మాట. "సీలేరు నీళ్లు వదిలారా?" మాది మండపేట దగ్గర ఊరు. దాళ్వా, అంటే రెండో పంట వరి పొట్ట మీద ఉండగా గోదావరి సన్నబడిపోతుంది, కాలవలో నీళ్లు అడుక్కి పోతాయి, వంతులవారీ మొదలవుతుంది, ఆయిల్ ఇంజన్లు బయటికొస్తాయి. అప్పుడు నాన్న, పక్క చేలవాళ్లు కాలవ గట్టు మీద నిలబడి సీలేరు గురించి ఊరికి రావాల్సిన చుట్టం గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు. బయల్దేరిందట, ఇంకో నాలుగు రోజుల్లో వస్తుందట అని. చిన్నప్పుడు నాకు సీలేరంటే కొండల్లో ఎక్కడో ఉన్న పెద్ద ట్యాంకు, ఎవరో కుళాయి తిప్పితే మా చేలోకి నీళ్లొస్తాయి, అంతే.

పెద్దయ్యాక ఒకరోజు ఊరికే మ్యాపు తెరిచి ఆ నీళ్లని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాను. గోదావరిలో కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఆ శబరిలో సీలేరు కలుస్తుంది. సీలేరు పట్టుకుని పైకి పోతే కొంత దూరానికి పేరు మారిపోయి మాచ్‌ఖండ్ అవుతుంది, ఇంకా పైకి పోతే మన పాడేరు ఏజెన్సీలో మత్స్యగెడ్డ. ఈ మూడు పేర్లూ ఒక్క నదివే. అది మాడుగుల కొండల్లో పుట్టి ఉత్తరానికి నడిచి, పీఠభూమి అంచు దాకా వెళ్లి, ఒక్కసారిగా వెనక్కి నైరుతికి తిరిగి లోయలోకి దూకేస్తుంది. ఆ దూకే చోటే డుడుమ. సుమారు 175 మీటర్ల ఎత్తు. ఇటు మన అల్లూరి సీతారామరాజు జిల్లా, అటు ఒడిశా కోరాపుట్ జిల్లా, మధ్యలో గెడ్డే, అంటే ఆ ఏరే సరిహద్దు.

ఎలాగైనా చూడాలని అప్పుడే అనుకున్నాను, కుదిరింది మాత్రం 2025 సెప్టెంబరు నెలాఖర్లో. వైజాగ్‌లో ఉండే మా మేనబావకి ఫోన్ చేస్తే బండి ఉంది, సెలవు పెడతాను, ముంచంగిపుట్టులో తెలిసిన మేస్టారి ఇల్లుంది పడుకోడానికి, ఇంకేం కావాలి అన్నాడు. నాన్నకి చెబితే కాసేపు ఆలోచించి, "వర్షాలున్నాయి. గెడ్డలో దిగకండి" అన్నారు. ఆ మాటకి కారణముంది. అంతకు ముందు నెలలోనే, ఆగస్టులో, వీడియోలు తీసుకోడానికొచ్చిన ఒక కుర్రాడు డుడుమ దగ్గర ప్రవాహం మధ్యలో రాయి మీద నిలబడి ఉండగా, ఎగువ వానలకి డ్యాం నీళ్లు వదలడంతో చూస్తుండగానే వరద పెరిగి కొట్టుకుపోయాడు. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు వేసి లాగాలని చూసినా లాభం లేకపోయింది. ఆ వీడియో నేనూ చూశాను. నాన్న కూడా చూశారేమో అడగలేదు.

వైజాగ్ నుంచి అరకు మీదుగా వెళ్లొచ్చు, మేం చోడవరం, మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కాం. నది పుట్టిన వైపు నుంచే మొదలుపెట్టాలని నా పట్టుదల. ఘాట్ మధ్యలో మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆపి దణ్ణం పెట్టుకున్నాం, ఆ దారిన పోయే లారీ, బస్సు ఏదీ అక్కడ ఆగకుండా పోదు. పాడేరులో వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికొచ్చిన జనంతో టిఫిన్ సెంటర్లన్నీ నిండిపోయున్నాయి. మేం ఆగకుండా హుకుంపేట వైపు తిరిగి మత్స్యగుండం చేరుకున్నాం.

మత్స్యగుండం దగ్గర మీరు ఒక అరగంటైనా ఉండాలి. పెద్ద పెద్ద రాళ్ల మధ్య గెడ్డ గుండంలా మారుతుంది, ఆ గుండం నిండా చేపలు, మనిషంటే భయం లేదు వాటికి. మరమరాలు వేస్తే నీళ్లు ఉడికినట్టు పైకొస్తాయి. వాటిని ఎవరూ పట్టరు, తినరు, దేవుడి చేపలు. ఒడ్డున మత్స్యలింగేశ్వరుడు, శివరాత్రికి పెద్ద జాతర. మాచ్‌ఖండ్ అనే పేరు ఈ మత్స్యగుండం నుంచే వచ్చిందంటారు. దోసిట్లోకి తీసుకుంటే చల్లగా, తేటగా ఉన్నాయి నీళ్లు. మా కాలవలో ఎర్రగా, బురదగా పారే నీళ్లు పుట్టినప్పుడు ఇలా ఉంటాయని నాకెప్పుడూ తట్టలేదు.

పెదబయలు దాటాక రోడ్డు పక్కన గెడ్డ కాస్సేపు కనిపిస్తుంది, కాస్సేపు కొండ వెనక్కి పోతుంది. చెక్‌పోస్టులో మా బ్యాగులు మొత్తం విప్పి చూశారు, ఈ దారిలో గంజాయి పోతుందని బయటి నంబర్ల బళ్లన్నీ ఆపుతున్నారు, కాగితాలన్నీ పెట్టుకుని వెళ్లండి. చీకటి పడే వేళకి ముంచంగిపుట్టు చేరాం. వాన. మేస్టారి ఇంట్లో వేడన్నం, పప్పు, అడవి కాకరకాయ వేపుడు. అంత ఆకలి మీద తిన్న అన్నం కాబట్టి చెప్పడం కాదు, ఆ కాకరకాయ వేపుడు రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది.

ఆ రాత్రి మేస్టారు చాలాసేపు చెప్పారు. ఈ ప్రాంతంలో వానాకాలం పేపరు తెరిస్తే జిల్లా పేజీలో రెండు అంకెలుంటాయి, ఎగువనున్న జోలాపుట్టు జలాశయం నిండు మట్టం 2750 అడుగులకి ఎంతుంది, డుడుమ డ్యాం 2590 అడుగులకి ఎంతుంది అని. ఆ అంకెలు నిండుకి దగ్గరికొస్తే గేట్లు ఎత్తుతారు, గేట్లు ఎత్తితేనే జలపాతం జలపాతంలా ఉంటుంది. లేకపోతే నది నీళ్లు దూకే చోటికి రావు. డుడుమ డ్యాం దగ్గరే మళ్లించి, పైపుల్లోకి దింపి, లోయ అడుగున ఉన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌కి పంపేస్తారు. 1955లో రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన కేంద్రం అది, 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120. నది దూకే ఎత్తునే కరెంటుగా మార్చుకున్నారన్నమాట. రెండు రాష్ట్రాలదీ ఉమ్మడి ఆస్తి. మొదట్లో కరెంటు మనకి 70 పాళ్లు, వాళ్లకి 30 పాళ్లు, తర్వాత చెరి సగం అయింది.

అక్కడితో అయిపోదు. పవర్‌హౌస్ నుంచి బయటికొచ్చిన నీళ్లు బలిమెల జలాశయంలో పడతాయి. అక్కడ సగం ఒడిశా తీసుకుంటుంది. మన సగం కిందికొచ్చి ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్ల యూనిట్లు తిప్పి, అప్పుడు శబరిలో కలిసి, గోదావరిలో పడి, ధవళేశ్వరం దాటి మా కాలవలోకి వస్తాయి. అన్నిసార్లు పని చేసి వచ్చిన నీళ్లతో మా దాళ్వా పండుతోందని నాకు అప్పుడే తెలిసింది. మేస్టారు ఇంకో సంగతి కూడా చెప్పారు, అది విన్నాక నిద్ర పట్టలేదు. ఈ ప్రాజెక్టు కట్టినప్పుడు దాదాపు 3 వేల కుటుంబాలు ఊళ్లు వదిలిపోయాయి, సగానికి పైగా గిరిజనులు, వాళ్లలో చాలామందికి బదులు భూమి రాలేదు. ఇప్పటికీ జలాశయం చుట్టూ ఉన్న కొన్ని ఊళ్లవాళ్లు సంతకి రావాలన్నా, ఒంట్లో బాగోకపోయినా నాటు పడవ మీద గెడ్డ దాటాల్సిందే. మా ఊళ్లో నీళ్లు ఒకరోజు ఆలస్యమైతే ధర్నా చేస్తాం. ఈ ఊళ్ల పేర్లు మాలో ఎవరికీ తెలీదు.

మర్నాడు గురువారం. జోలాపుట్టు గట్టు మీద నిలబడితే కనుచూపు మేర నీళ్లే, మధ్యలో కొండల తలలు దీవుల్లా తేలుతున్నాయి. గట్టుకి నాలుగు వేళ్ల కింద ఉన్నట్టుగా నిండుగా ఉంది. అక్కడి నుంచి ఒడిశా వైపున్న ఒనకఢిల్లీ. గురువారం సంత ఆ ఊరికి పేరు. బోండా తెగ ఆడవాళ్లు కొండ దిగి వస్తారు, మెడలో వెండిరంగు కడియాలు, ఒంటి నిండా పూసల దండలు. గదబ తెగవాళ్లు, ఇటు నుంచి వెళ్లిన మన తెలుగు వ్యాపారులు, అందరూ ఒక్కచోటే. ఒడియా, తెలుగు, వాళ్ల వాళ్ల భాషలు కలిసిపోయి బేరాలు నడుస్తుంటాయి. నేను పసుపు కొమ్ములు, చోళ్లు కొన్నాను. కెమెరాలు పట్టుకుని బోండా ఆడవాళ్ల చుట్టూ తిరిగే మనుషుల్ని చూస్తే నాకు కోపం వచ్చింది. సరుకు అమ్ముకోడానికొచ్చిన మనిషి ముఖం మీద ఫోన్ పెట్టడం ఏం పద్ధతి. నేనైతే ఒక్క ఫొటో కూడా తియ్యలేదు, మీరూ తియ్యకండి.

సంతలోనే మేస్టారు చెప్పిన పెద్దాయన కలిశాడు. ఒడిశా వైపు ఊరాయన, వయసులో పవర్‌హౌస్ పనులకి కూలికెళ్లినవాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. గొడుగు, చేతికర్ర, భుజాన తువ్వాలు. మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, మా బావ చెప్పులు చూసి, "బాబూ, ఈ చెప్పులు పనికిరావు" అన్నాడు. అక్కడే సంతలో ప్లాస్టిక్ బూట్లు కొన్నాం.

జలపాతం కనిపించే ముందే వినిపించింది. బండి ఇంజన్ ఆపగానే కొండ కింద ఎక్కడో గూడ్సు రైలు పోతున్నట్టు మోత, ఎంతసేపైనా ఆ రైలు అయిపోవడం లేదు. వ్యూ పాయింట్ దగ్గరకి నడిచి వెళ్తే ఎదురుగా అంతా తెల్లటి పొగ. ఏమీ కనిపించలేదు. బావ నిరాశపడిపోయాడు. పెద్దాయన మాత్రం తాపీగా రాయి మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు. పది నిమిషాలకి గాలి మళ్లింది, తెర పక్కకి లాగినట్టు పొగ తొలిగింది, అప్పుడు చూశాను.

నల్లటి బండ. నిలువుగా, గొడ్డలితో నరికినట్టు. దాని మీద నుంచి నది మొత్తం విడిపోయి, పైన ఎర్రగా, సగం దూరం వచ్చేసరికి తెల్లగా, అడుగుకి చేరేసరికి నీళ్లు కాకుండా పిండిలా రాలుతోంది. కళ్లు ఒక పాయని పట్టుకుని దానితోపాటు కిందికి దిగుతుంటే ఎంతకీ అడుగు రాదు. గోదావరిని నేను ఎప్పుడూ పడుకున్న నదిగానే చూశాను, ధవళేశ్వరం దగ్గర కూడా అడ్డంగా, వెడల్పుగా. నీళ్లు ఇలా నిలబడతాయని ఊహించలేదు. చొక్కా తడిసిపోయింది, కళ్లద్దాలు తడిసిపోయాయి, తుడుచుకోబుద్ధి కూడా కాలేదు.

పెద్దాయన కర్ర చాపి చూపించాడు, "అదిగో ఆ గట్టు మీది, ఈ గట్టు మాది." నేను నీళ్లెవరివని అడిగాను. ఆయన నవ్వి, "నీళ్లు కిందివాళ్లవి బాబూ" అన్నాడు. నేను కిందివాణ్ణేనని చెప్పాను, మాది గోదావరి అని. ఆయన ముఖంలోకి కొత్త ఉత్సాహం వచ్చింది. కూనవరం దాకా వెళ్లాడట ఒకసారి, ఈ నీళ్లు అంత పెద్ద నదిలో కలిసిపోవడం చూసి బాధేసిందట.

కిందికి దిగే కాలిదారి ఉంది. అడుగు దాకా దిగొద్దని, నీళ్లలో కాలు పెట్టొద్దని ముగ్గురం ముందే ఒప్పందం చేసుకున్నాం. మూడొంతుల్లో రెండొంతులు దిగితే ఒక పెద్ద చట్టురాయి ఉంది, అక్కడి దాకా తీసుకెళ్తానన్నాడు పెద్దాయన. దారి అంటే దారి కాదు, వేళ్లు పట్టుకుని, వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగడమే చాలాచోట్ల. బురద. పట్టుకున్న రాయి కదిలి చేతిలోకి వచ్చేసేది. ఒకచోట నా ఎడంకాలు జారిపోయి కడుపు మీద పడి అలా జారుతూ పోయాను, ఆరేడు అడుగులేమో, బావ నా బ్యాగు పట్టీ దొరకబుచ్చుకున్నాడు. మోచేయి చీరుకుపోయింది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది, జలపాతం హోరు కంటే గట్టిగా. వెనక్కి పోదామా అని బావ అడిగాడు. నేను వద్దన్నాను. అది తెలివైన నిర్ణయం అనను, కానీ ఆ క్షణంలో అంత దూరం వచ్చి తిరిగిపోయే మనసు రాలేదు.

చట్టురాయి చేరేసరికి అక్కడ మాట వినపడదు, సైగలే. గాలి జలపాతం నుంచి మా మీదికి తోస్తోంది, ఆ గాలిలో సగం నీళ్లు. గుండం ఉడుకుతోంది. ఎండ ఒక్క నిమిషం వచ్చిపోయింది, ఆ నిమిషంలో మా కాళ్ల కింద, అవును కింద, ఇంద్రధనుస్సు పూర్తి గుండ్రంగా వేసింది. బావ నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు.

ఒక పావుగంట ఉన్నామేమో. పెద్దాయన జలపాతం వైపు చూడట్లేదని అప్పుడు గమనించాను. ఆయన చూపంతా కింద, గుండం అంచున ఉన్న ఒక రాయి మీదే ఉంది. చటుక్కున లేచాడు. కర్రతో పైకి చూపించాడు, పదండి అని. నాకేం తేడా కనపడలేదు. ఆయన నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు, "ఆకులు వస్తున్నాయి!" చూస్తే నిజమే, ఇంతసేపూ తెల్లగా పడుతున్న నీళ్లలో ఇప్పుడు ఆకులు, పుల్లలు, ఒక విరిగిన కొమ్మ. పాయల రంగు మారుతోంది, తెలుపులోకి టీ రంగు దిగుతోంది. ఆయన చూస్తున్న రాయి అప్పటికే సగం మునిగిపోయింది.

ఎక్కాం. ఎలా ఎక్కామో నాకు వరసగా గుర్తు లేదు. దిగడానికి గంట పట్టిన దారి సగం టైములో ఎక్కేశామని బావ అంటాడు. ఒక మలుపు దగ్గర ఊపిరందక ఆగి వెనక్కి చూస్తే, జలపాతం రెండింతలు వెడల్పైంది, ఇందాక విడివిడిగా ఉన్న పాయలన్నీ ఒకటైపోయి బండ కనపడటమే మానేసింది, కింద ఆ రాయి లేదు. మేం కూర్చున్న చట్టు దాకా నీళ్లు రాలేదు, అక్కడే ఉన్నా ప్రాణానికేం కాకపోనేమో. కానీ గుండం పక్కన ఎవరైనా సెల్ఫీ తీసుకుంటూ ఉండి ఉంటే వాళ్లకి పట్టుమని పది నిమిషాలు కూడా ఉండేవి కావు. పైకొచ్చాక ఇక్కడ చినుకు లేదు, ఎండ కాస్తోంది. వాన ఎక్కడో ఎగువన పడింది. అందుకే చెప్తున్నాను, మీ నెత్తి మీద ఆకాశం నీలంగా ఉందని డుడుమలో దిగకండి. వర్షాకాలంలో వ్యూ పాయింట్ నుంచి చూడండి, తోడుగా ఆ ఊరి మనిషిని పెట్టుకోండి, ఆయనకి అడిగినంత ఇవ్వండి.

పెద్దాయనకి డబ్బులిస్తే లెక్కపెట్టకుండా తువ్వాలు కొసకి ముడి వేసుకున్నాడు. నా మోచేతికి ఏదో ఆకు నలిపి రాశాడు, భగ్గున మండింది. ఆకులొస్తే లేవాలని ఎవరు నేర్పారని అడిగాను. తన చిన్నప్పుడు డ్యాం లేదు, గేట్లు లేవు, చెప్పేవాళ్లు లేరు, నీళ్లే చెప్పేవి అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆపి లోయలోకి చూస్తే, కొండ వాలు మీద పవర్‌హౌస్‌కి దిగే వించ్ (తాడుతో లాగే బండి) పట్టాలు సన్నటి గీతలా కనిపించాయి. దాని పక్కనే నీళ్ల పైపులు. అటు నది తనంతట తాను దూకుతోంది, ఇటు పైపుల్లో మనం దింపుతున్నాం, రెండూ అదే లోయలో కలుస్తున్నాయి. ముంచంగిపుట్టులో మేస్టారి భార్య నా మోచేయి చూసి తిట్టింది, మా అమ్మ తిట్టినట్టే.

ఇంటికొచ్చాక నాన్నకి వీడియో చూపించాను. వీధి అరుగు మీద కూర్చుని ఫోన్ దూరంగా పట్టుకుని చూశారు. మొత్తం అయ్యాక మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. రెండోసారి చూస్తున్నప్పుడు ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. ఫోన్ నా చేతికిచ్చి, "జోలాపుట్టు ఎంతుంది?" అని అడిగారు. నిండుగా ఉంది నాన్నా, గట్టుకి నాలుగు వేళ్లే తక్కువ అన్నాను.

"అయితే ఈసారి మొత్తం దాళ్వా వేసేద్దాం" అని లేచి, గేదెకి కుడితి పెట్టడానికి దొడ్లోకి వెళ్లారు.